డాక్టరు ఇంటి కథ: బుల్లితెర వైద్య కుటుంబ నాటకాలు

ఒక డాక్టరు, ఆయన భార్యాపిల్లలు, వాళ్లను కనిపెట్టుకుని ఉండే ఒక ఊరు. టెలివిజన్ నాటకాల్లో ఇదొక పాత రకం. డాక్టరుకు ఊళ్లో ప్రతి గడపా తెలుసు. ఎవరింట్లో ఏం దాచారో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో ఆయన చెవిన పడకుండా ఉండదు. అందుకే ఒక్క డాక్టరు ఇంటి కథ చెబితే చాలు, ఊరి కథంతా చెప్పినట్టవుతుంది. బ్రిటన్‌లో ఈ రకం కథకు ఎనభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. తెలుగులోనూ డాక్టరు కథానాయకుడు కొత్తవాడేం కాదు. 2017 నుంచి అయిదేళ్లకు పైగా తెలుగు టీవీని ఏలిన ‘కార్తీకదీపం’ డాక్టరు ఇంటి కథే. తేడా ఒక్కటే. మన కథలో డాక్టరు ఇల్లుంది, ఊరు లేదు. ఈ వ్యాసం ఆ రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. అందుకు పూర్వపు కృష్ణా జిల్లాను ఆసరాగా తీసుకుంటుంది. ఆ జిల్లాకు ఉత్తరపు కొసన తిరువూరు మెట్ట ఉంటే, సముద్రం వైపు కొసన దివిసీమ దీవులున్నాయి.

బ్రిటన్‌లో పుట్టుక

ఈ కథలకు మూలపురుషుడు ఎ.జె. క్రోనిన్ (1896–1981). స్కాట్లండ్‌లో పుట్టి, వైద్యం చదివి, దక్షిణ వేల్స్‌లోని ట్రెడెగర్ బొగ్గుగనుల ప్రాంతంలో కొన్నాళ్లు డాక్టరుగా పనిచేశాడు. అక్కడ గని కార్మికులు చందాలేసుకుని తమ డాక్టర్లను తామే పోషించుకునేవారు. ఆ అనుభవంతో 1937లో ‘ది సిటడెల్’ నవల రాశాడు. ఆదర్శంతో గని ఊరికి వచ్చిన కుర్ర డాక్టరు, టీచరుగా పనిచేసే భార్య, తర్వాత లండన్ డబ్బు మాయ, ఆ కాపురంలో పడిన బీట. ఇదీ కథ. జనాన్ని ఊపేసిన ఈ నవల బ్రిటన్‌లో ఉచిత వైద్యం కావాలన్న వాదానికి బలమిచ్చిందని చరిత్రకారులు చెబుతారు. 1948 జులై 5న మొదలైన జాతీయ ఆరోగ్య సేవకు రూపకర్త అయిన ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్ కూడా ఆ ట్రెడెగర్ వాడే.

క్రోనిన్ సృష్టించిన మరో పాత్ర డాక్టర్ ఫిన్లే. 1962 నుంచి 1971 దాకా బీబీసీ ఆ పాత్రతో ధారావాహిక నడిపింది. టానక్‌బ్రే అనే కల్పిత స్కాటిష్ ఊరు, అందులో ఒక ముసలి డాక్టరు, ఒక కుర్ర డాక్టరు, వాళ్ల ఇల్లు చక్కబెట్టే జానెట్. ఆ మూసను తర్వాత ఎందరో వాడుకున్నారు. 2004 నుంచి 2022 దాకా ఐటీవీలో వచ్చిన ‘డాక్ మార్టిన్’ దాని తాజా వారసుడు. రక్తం చూస్తే కళ్లు తిరిగే సర్జను కార్న్‌వాల్ తీరంలో ఒక చిన్న పల్లెకు డాక్టరుగా వస్తాడు. ఊరివాళ్లు అతన్ని భరించలేరు, అలాగని వదులుకోనూ లేరు. షూటింగ్ జరిగిన పోర్ట్ ఐజక్ పల్లెకు ఈ సీరియల్ పుణ్యాన యాత్రికుల తాకిడి పెరిగింది.

ఎనిమీ ఎట్ ది డోర్

ఈ వరుసలో దీవి కథగా నిలిచింది ‘ఎనిమీ ఎట్ ది డోర్’. లండన్ వీకెండ్ టెలివిజన్ సంస్థ ఐటీవీ కోసం తీసింది. 1978 జనవరి 21న మొదలై 1980 మార్చి 29న ముగిసింది. రెండు భాగాలు, మొత్తం 26 ఎపిసోడ్లు. సృష్టికర్త మైకేల్ చాప్‌మన్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం పట్టుకున్న గెర్న్సీ దీవిలో డాక్టర్ ఫిలిప్ మార్టెల్ కుటుంబం పడిన పాట్లు ఇందులో కథ. డాక్టరుగా బెర్నార్డ్ హార్స్‌ఫాల్, భార్య ఆలివ్‌గా ఆంటోనియా పెంబర్టన్, కూతురు క్లేర్‌గా ఎమిలీ రిచర్డ్ నటించారు. దీవిని ఏలే జర్మన్ అధికారి మేజర్ రిక్టర్ పాత్ర ఆల్‌ఫ్రెడ్ బర్క్‌ది. ఎస్‌ఎస్ అధికారి రైనికేగా సైమన్ కేడెల్ వేశాడు. తర్వాతి రోజుల్లో హాస్య ధారావాహికతో పేరు తెచ్చుకున్న నటుడాయన. ఈ పాత్రలో మాత్రం అతను నవ్వితేనే భయం వేస్తుంది.

ఈ నాటకం వెనక ఉన్న చరిత్ర తెలియకపోతే అందులో బిగువు అర్థం కాదు. ఇంగ్లండ్‌కూ ఫ్రాన్సుకూ మధ్య, ఫ్రాన్సుకే దగ్గరగా ఉన్న చానెల్ దీవులు బ్రిటిష్ రాజరికానికి చెందినవి. 1940 జూన్‌లో ఫ్రాన్సు కూలిపోగానే వీటిని కాపాడటం కుదరదని లండన్ చేతులెత్తేసింది. సుమారు 42 వేల జనాభా ఉన్న గెర్న్సీ నుంచి దాదాపు 17 వేల మంది ఓడలెక్కి ఇంగ్లండు వెళ్లిపోయారు. వాళ్లలో బడిపిల్లలే వేలల్లో ఉన్నారు. జూన్ 28న జర్మన్ విమానాలు సెయింట్ పీటర్ పోర్ట్ రేవు మీద బాంబులు వేశాయి. ఓడకు ఎక్కించడానికి బారులు తీరిన టమాటా లారీలను సైనిక వాహనాలనుకున్నారంటారు. రెండు రోజులకు సైన్యం దిగింది. 1945 మే 9 దాకా కదల్లేదు.

అయిదేళ్లు. గడియారాలు జర్మన్ వేళకు తిప్పుకోవాలి, బండి కుడివైపు నడపాలి, 1942లో రేడియోలు అప్పగించాలి. అదే ఏడాది సెప్టెంబరులో, దీవిలో పుట్టని బ్రిటిష్ వాళ్లను కుటుంబాలతో సహా జర్మనీ శిబిరాలకు తరలించారు. ఆస్ట్రియా నుంచి తలదాచుకోవడానికి వచ్చి అక్కడి ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న తెరీజ్ స్టైనర్ అనే యూదు యువతిని 1942 ఏప్రిల్‌లో పంపేశారు. ఆమె ఆష్‌విట్జ్ నుంచి తిరిగి రాలేదు. మందులు నిండుకున్నాయి. ఇన్సులిన్ లేక చక్కెర వ్యాధిగ్రస్తులు చనిపోయారు. ఆఖరికి 1944 డిసెంబరు నెలాఖరులో వేగా అనే రెడ్‌క్రాస్ ఓడ ఆహార పొట్లాలతో రేవుకు చేరాక గానీ జనం కుదుటపడలేదు.

డాక్టరును కథకు మధ్యలో నిలబెట్టడంలో తెలివి ఇక్కడే ఉంది. గాయపడ్డ జర్మన్ సైనికుడికి కట్టు కట్టడం డాక్టరు ధర్మమా, ద్రోహమా? బయట తిరగడానికి ఆయనకు పర్మిట్ కావాలి. పర్మిట్ ఇచ్చేది శత్రువు. రిక్టర్ మంచివాడే, మర్యాద తెలిసినవాడే. మంచి శత్రువుతో మాట్లాడటం చెడ్డ శత్రువును ఎదిరించడం కంటే కష్టం అన్నది ఈ నాటకం పదేపదే చూపించే సంగతి. జర్మన్ సైనికులతో తిరిగిన ఆడపిల్లలను ఊరు ఎలా చూసిందో, అధికారులతో కలిసి పనిచేసిన దీవి పెద్దలు ఎంతదాకా వంగవచ్చో, ఇలాంటి చిక్కులే కథలకు ముడిసరుకు. పోరాట వీరులు ఇందులో తక్కువ, సర్దుకుపోయినవాళ్లు ఎక్కువ. నిజంగా జరిగింది కూడా అదే కాబట్టి దీవివాసుల్లో కొందరికి ఈ నాటకం రుచించలేదు. గెర్న్సీ కథను పక్క దీవి జెర్సీలో తీశారన్న గొణుగుడు వేరే. చూడగానే ఇది మా ఊరు కాదని పట్టేశారు. 2004లో గ్రెనడా సంస్థ ఇదే చరిత్ర మీద ‘ఐలండ్ ఎట్ వార్’ తీసినప్పుడు ఆ గొడవ లేకుండా సెయింట్ గ్రెగరీ అనే కల్పిత దీవిని పెట్టుకుంది. బొమ్మ బాగానే ఉంది కానీ, నా దృష్టిలో పాత నాటకంలోని గొంతు నొక్కుకున్న మౌనం అందులో లేదు.

భారతీయ డాక్టరు అటు వెళ్తే

బ్రిటిష్ పల్లె డాక్టరు కథలోకి మనవాళ్లు కాస్త ఆలస్యంగా వచ్చారు. 2010లో బీబీసీ ‘ది ఇండియన్ డాక్టర్’ తెచ్చింది. 1963లో వేల్స్ గని పల్లె ట్రెఫెలిన్‌కు డాక్టర్ ప్రేమ్ శర్మ, ఆయన భార్య కామిని వస్తారు. సంజీవ్ భాస్కర్, ఆయేషా ధార్కర్ నటించారు. 2012, 2013లలో మరో రెండు భాగాలు వచ్చాయి. క్రోనిన్ డాక్టరు నడిచిన బొగ్గు వీధుల్లోనే ఇప్పుడు భారతీయుడు నడుస్తాడు. ఆ రోజుల్లో ఆరోగ్య మంత్రి ఎనాక్ పావెల్. వలస వచ్చేవాళ్ల మీద 1968లో విషం కక్కిన ప్రసంగంతో పేరు మోసిన ఆ పెద్దమనిషి హయాంలోనే బయటి దేశాల డాక్టర్లు పెద్ద సంఖ్యలో బ్రిటిష్ ఆసుపత్రుల్లో కుదురుకున్నారు.

ఈ వలసలో తెలుగువాళ్ల వాటా చిన్నది కాదు. విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాల 1923లో, గుంటూరు వైద్య కళాశాల 1946లో, కర్నూలుది 1956లో, కాకినాడ రంగరాయ 1958లో మొదలయ్యాయి. వీటిలో చదివినవాళ్లకు ఎఫ్‌ఆర్‌సీఎస్, ఎంఆర్‌సీపీ అనే బ్రిటిష్ అక్షరాలు పేరు వెనక చేరడమంటే పెళ్లి సంబంధాల్లోనే కాదు, నర్సింగ్ హోమ్ బోర్డు మీద కూడా బలం. 1975లో బ్రిటిష్ మెడికల్ కౌన్సిల్ భారతీయ డిగ్రీలకు ఉన్న నేరు గుర్తింపును తీసేసి పరీక్ష పెట్టింది. దాంతో ఆ దారి ఇరుకైంది, అమెరికా దారి మరింత వెడల్పయింది. లంకాషైర్‌లోనో వేల్స్‌లోనో ముప్పయ్యేళ్లు ఒకే ఊరి జనానికి నాడి చూసి రిటైరైన తెలుగు డాక్టర్లున్నారు. వాళ్ల ఇంటి కథను తెలుగు తెర ఇంతవరకు ముట్టుకోలేదు.

నవలలో, వెండితెర మీద

తెలుగులో డాక్టరు ముందు నవలలోకి వచ్చాడు. అందుకు కారణం రాసినవాళ్లలో కొందరు స్వయంగా డాక్టర్లు కావడం. 1958 నాటి ‘కాలాతీత వ్యక్తులు’ రాసిన పి. శ్రీదేవి డాక్టరే. అందులో ప్రకాశం వైద్యం చదువుతుంటాడు. ఆ నవలే 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా అయింది. వైద్యుడైన కొమ్మూరి వేణుగోపాలరావు ‘హౌస్ సర్జన్’లో వార్డుల వాసనతో సహా ఆసుపత్రి లోపలి బతుకును కాగితం మీద పెట్టారు. నైట్ డ్యూటీ, చచ్చిపోతున్న మనిషి మంచం పక్కన నిలబడ్డ కుర్ర డాక్టరు తడబాటు, ఇవి అంతకు ముందు తెలుగు పాఠకులకు పెద్దగా తెలియని లోకం.

సినిమా మాత్రం వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కోడూరి కౌసల్యాదేవి నవల ‘చక్రభ్రమణం’ ఆధారంగా అన్నపూర్ణ సంస్థ, ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ తీసింది. అక్కినేని, సావిత్రి, జగ్గయ్య, కృష్ణకుమారి ముఖ్య పాత్రధారులు. గొల్లపూడి మారుతీరావు సినీ రచన దీనితోనే మొదలైంది. ఆ ఏడాదే పుట్టిన నంది పురస్కారాల్లో తొలి ఉత్తమ చిత్రం ఇదే. చనిపోయిన చెల్లెలిని స్నేహితుడి భార్యలో చూసుకుంటాడు డాక్టరు. ఆ అనురాగాన్ని స్నేహితుడు అనుమానిస్తాడు. డాక్టరు వృత్తి ఇక్కడ గౌరవానికి గుర్తు మాత్రమే. ‘ఇంత మంచి మనిషిని అనుమానిస్తారా’ అని ప్రేక్షకుడి చేత అనిపించడానికి మెడలో స్టెతస్కోపు పనికొచ్చింది. ఈ ‘అనుమానం’ అన్న ఇరుసు గుర్తుంచుకోదగింది. యాభై ఏళ్ల తర్వాత బుల్లితెర మీద బండి దాని మీదే తిరిగింది.

క్రోనిన్ కూడా ఒకసారి మన తెరకెక్కాడు. ‘ది సిటడెల్’ 1971లో హిందీలో ‘తేరే మేరే సప్నే’గా, 1972లో బెంగాలీలో ‘జీబన్ సైకతే’గా, 1982లో తెలుగులో ‘మధుర స్వప్నం’గా వచ్చింది. ఊరి డాక్టరు కథ తెలుగులో వేళ్లూనడానికి అదొక అవకాశం. కానీ వేళ్లూనలేదు. ఆ తర్వాతి వెండితెర డాక్టర్లు ఎక్కువగా కార్పొరేట్ ఆసుపత్రి అద్దాల గదుల్లో ఉంటారు. 2003 నాటి ‘ఠాగూర్’లో చచ్చిన మనిషికి వైద్యం చేసి బిల్లు వేసే ఆసుపత్రి దృశ్యానికి హాళ్లలో పడిన చప్పట్లు, జనం గుండెల్లో ఉన్న కోపానికి పడిన చప్పట్లే. మరుసటేడు ‘శంకర్‌దాదా ఎంబీబీఎస్’ అదే కోపాన్ని నవ్వుగా మార్చింది. 2017 ఆగస్టు 25న వచ్చిన ‘అర్జున్ రెడ్డి’ సర్జనే అయినా ప్రేక్షకులకు గుర్తుండేది అతని కత్తి కాదు, కోపం.

డాక్టర్‌బాబు, వంటలక్క

‘అర్జున్ రెడ్డి’ వచ్చిన రెండు నెలలకు, 2017 అక్టోబరు 16న, స్టార్ మాలో ‘కార్తీకదీపం’ మొదలైంది. 2023 జనవరి 23న ముగిసేనాటికి 1,569 ఎపిసోడ్లు. మూలం మలయాళంలో 2014లో ఏషియానెట్‌లో ఆరంభమైన ‘కరుత్తముత్తు’. కాపుగంటి రాజేంద్ర దర్శకత్వం. మలయాళంలో నాయికగా చేసిన ప్రేమీ విశ్వనాథే ఇక్కడా దీపగా వచ్చింది. డాక్టర్ కార్తీక్‌గా పరిటాల నిరుపమ్, అత్త సౌందర్యగా అర్చనా అనంత్, కథను అయిదేళ్లు నడిపించిన మరో డాక్టరు మోనితగా శోభాశెట్టి.

దీప నల్లపిల్ల. అత్తగారికి నలుపంటే గిట్టదు. కార్తీక్ ఆమె మంచితనాన్ని ప్రేమించి పెళ్లాడతాడు. అతన్ని తనవాడిగా చేసుకోవాలనుకునే మోనిత, అతనికి పిల్లలు పుట్టే యోగం లేదని నమ్మిస్తుంది. దీప కడుపుతో ఉందని తెలిసిన రోజున ఆ నమ్మకం నిప్పవుతుంది. ఇల్లు వదిలిన దీపకు కవలలు పుడతారు. ఒక పిల్ల శౌర్య తల్లి దగ్గర, ఇంకో పిల్ల హిమ ఎవరి బిడ్డో తెలియకుండా తండ్రి దగ్గర పెరుగుతారు. దీప వంటలు చేసి బతుకుతుంది. అందుకే పిల్లలకు, వాళ్లతో పాటు రెండు రాష్ట్రాలకు ఆమె ‘వంటలక్క’, అతను ‘డాక్టర్‌బాబు’.

ఇంకో ల్యాబుకు వెళ్లి మరో పరీక్ష చేయించుకుంటే కథ రెండో వారానికే కంచికి చేరేదని చూసిన ప్రతివాళ్లూ అనుకున్నారు. స్వయంగా డాక్టరై ఉండి ఆ మాత్రం చేయడేమని ఇంటింటా తిట్టుకున్నారు. తిట్టుకుంటూనే చూశారు. అసలు బలం ఆ తిట్టులోనే ఉంది. డాక్టర్ చక్రవర్తికి స్టెతస్కోపు మంచితనానికి సాక్ష్యమైతే, కార్తీక్‌కు అది మొండితనానికి సాక్ష్యం: చదివింది ఒకటి, నమ్మింది ఒకటి. చదువుకున్న మగవాడి అనుమానం చదువుకోనివాడి అనుమానం కంటే ఎంత గట్టిదో ఈ సీరియల్ తెలిసో తెలియకో చూపించింది. ఆడవాళ్లు ఆ సంగతిని వెంటనే పట్టుకున్నారు.

ఏ విమర్శకుడైనా వదలకూడని లోపం కూడా ఇక్కడే ఉంది. నలుపు మీద చిన్నచూపును ఎండగట్టే కథలో నల్లపిల్ల పాత్రకు నల్లటి నటి దొరకలేదు. ప్రేమీ విశ్వనాథ్ ముఖానికి రోజూ రంగు పూశారు. మలయాళంలో మొదలైన ఈ పద్ధతి కన్నడ ‘ముద్దులక్ష్మి’, తమిళ ‘భారతి కణ్ణమ్మ’, మరాఠీ ‘రంగ్ మాఝా వేగళా’, హిందీ ‘కార్తీక్ పూర్ణిమ’, బెంగాలీ ‘అనురాగేర్ ఛోఁవా’ దాకా ఈ కథ వెళ్లిన చోటల్లా ఎదురైన ప్రశ్నే.

ఆదరణ మాత్రం అసాధారణం. తెలుగు చానెళ్ల వారపు రేటింగుల్లో ఏళ్ల తరబడి మొదటి స్థానం దీనిదే. 2020లో ఐపీఎల్ మ్యాచ్‌లు కూడా ఈ సీరియల్ వచ్చే రాత్రి 7.30కే మొదలుకావడంతో రిమోట్ కోసం ఇళ్లలో జరిగిన జగడాలు సామాజిక మాధ్యమాల్లో హాస్యానికి మేతయ్యాయి. 2022లో కథను ముందుకు దూకించడం కోసం దీపను, కార్తీక్‌ను ప్రమాదంలో చంపేసి, పిల్లలు పెద్దవాళ్లయినట్టు చూపించారు. జనం ఒప్పుకోలేదు. కొన్ని నెలలకే ఇద్దరినీ బతికించి వెనక్కి తేవాల్సి వచ్చింది. 2024 మార్చిలో అదే జంటతో ‘ఇది నవ వసంతం’ అన్న కొత్త అధ్యాయం మొదలైంది.

లేనిదల్లా ఊరు

1,569 ఎపిసోడ్లు చూసినవాళ్లను డాక్టర్‌బాబు ఏ ఊరి జబ్బులు నయం చేశాడని అడిగితే తడుముకుంటారు. రోగులు వస్తారు, పోతారు. కథలో అసలు జబ్బు ఎప్పుడూ డాక్టరు ఇంట్లోనే ఉంటుంది. ఆసుపత్రి అంటే రిపోర్టు చేతికిచ్చే చోటు. మార్టెల్ డాక్టరు గుమ్మం దాటితే దీవి మొత్తం ఎదురొస్తుంది. కార్తీక్ డాక్టరు గుమ్మం దాటితే ఇంకో హాలు వస్తుంది, అందులో సోఫా, మెట్లు, పైన నిలబడి చాటుగా వింటున్న మరో మనిషి.

ఊరు దొరక్క ఇలా జరిగిందనడానికి లేదు. దివిసీమనే చూడండి. కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట మధ్యలో ఏర్పడిన నేల. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇక్కడ, చుట్టుపక్కల తీరంలో కలిపి పదివేల మందికి పైగా చనిపోయారు. శవాలు కుళ్లిన ఊళ్లలో కలరా రాకుండా సూదులు వేస్తూ తిరిగిన డాక్టర్ల, వైద్య విద్యార్థుల కథలు ఆ తరం వాళ్ల నోళ్లలో ఉన్నాయి. హైదరాబాదు దూరదర్శన్ మొదలై అప్పటికి నెల కూడా కాలేదు. దాని ప్రసారాలు రాజధాని చుట్టుపక్కలకే పరిమితం. రెండు నెలలకు లండన్‌లో మార్టెల్ డాక్టరు దీవి కథ మొదలైంది.

ఉప్పెన మాట అటుంచి, మామూలు రోజులే తీసుకున్నా నాగాయలంక మండలంలో ఎదురుమొండి దీవి ఉంది. ఇటు ఏటిమొగ నుంచి పంటు మీద, పడవ మీద కృష్ణ పాయ దాటాలి. వంతెన కావాలని దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. అర్ధరాత్రి కాన్పు నొప్పులు మొదలైతే ముందు లేపాల్సింది డాక్టరును కాదు, పడవవాణ్ని. అవతలి ఒడ్డున 108 బండి వచ్చి నిలబడాలి, పాయలో నీళ్లుండాలి, ఇంట్లో మగవాళ్లెవరైనా వేటకు పోకుండా ఉండాలి. నాటకం రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? దివిసీమ ముంగిట్లో చల్లపల్లి ఉంది. అక్కడ ఒక డాక్టరు దంపతులు ముందుండి 2014 నవంబరులో మొదలుపెట్టిన ‘స్వచ్ఛ చల్లపల్లి’ ఉద్యమంలో ఊరివాళ్లు తెల్లవారుజామునే చీపుళ్లు పట్టి వీధులు ఊడుస్తున్నారు. డాక్టరు ఇల్లు, ఊరు కలిసిన కథ కళ్లెదుట నడుస్తూనే ఉంది.

జిల్లాకు రెండో కొసన, ఇప్పుడు 2022 విభజనతో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చిన తిరువూరు వేరే రకం దీవి. చుట్టూ నీళ్లు కావు, మామిడి తోటలు, మెట్ట చేలు, తెలంగాణ సరిహద్దు. పెద్ద జబ్బు చేస్తే అటు ఖమ్మం, ఇటు విజయవాడ, రెండూ దూరమే. దక్షిణాన ఆనుకుని ఉన్న ఎ. కొండూరు మండలం తండాల్లో లంబాడీ కుటుంబాలను ఏళ్లుగా కిడ్నీ జబ్బు పీడిస్తోంది. బోరు నీళ్ల మీద అనుమానం, పైపుల్లో కృష్ణా నీళ్లు కావాలన్న పోరు, డయాలసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు ప్రయాణం, కూలి పోయిన రోజులు. శ్రీకాకుళం ఉద్దానంలోనూ ఇదే వేదన. అక్కడ ఎన్నో ఏళ్ల ఒత్తిడి తర్వాత 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. ఇలాంటి ఊళ్లలో జ్వరం వస్తే మొదట కబురు వెళ్లేది పట్నం డాక్టరుకు కాదు, ఇంటికొచ్చి సూదేసే ఆర్‌ఎంపీకి. ఊరందరూ ఆయన్నీ డాక్టరుగారనే పిలుస్తారు, డబ్బులు పంట చేతికొచ్చాక ఇస్తారు. ఆయన భార్యకు ఎంతమంది బాకీలు గుర్తుంటాయో, ఆ ఇంట్లో ఎన్ని రహస్యాలు దాగి ఉంటాయో ఏ సీరియల్ రచయితా ఇంకా అడగలేదు.

కారణాలు

దీన్ని రచయితల సోమరితనం మీదికి నెట్టేయడం తేలిక. అసలు సంగతి డబ్బు, గడియారం. మార్టెల్ కథకు భాగానికి 13 ఎపిసోడ్లు, ఒక్కోటి దాదాపు గంట, ముందే రాసి పెట్టుకున్న స్క్రిప్టు, దీవిలో బయటి చిత్రీకరణ. తెలుగు రోజువారీ సీరియల్ వారానికి అయిదారు రోజులు గాలిలోకి వెళ్లాలి. ప్రకటనలు తీసేస్తే ఒక్కోటి ఇరవై రెండు నిమిషాలకు అటూఇటూ. ఇవాళ తీసింది కొద్ది రోజుల్లోనే ప్రసారమవుతుంది. హైదరాబాదులో అద్దె బంగళా, ఒకే హాలు, మూడు కెమెరాలు. అక్కడ ముఖాన్ని దగ్గరగా చూపించి మూడుసార్లు ఉరుము వినిపిస్తే అర నిమిషం గడుస్తుంది. ఎదురుమొండి పంటు మీద అదే అర నిమిషం తీయాలంటే ఒక పూట పోతుంది. దీనికి తోడు రేటింగు. గురువారం అంకెలు బాగోలేకపోతే సోమవారం కథ మారిపోతుంది. ఊరి కథకు ఓపిక కావాలి, పాత్రలు పదుల్లో ఉండాలి, వాళ్లలో ఒక్కొక్కరికీ తమ వంతు వారం రావాలి. ఇంటి కథకు అయిదుగురు చాలు.

దూరదర్శన్ రోజుల్లో వారానికొక ఎపిసోడు వచ్చిన కాలంలో ఈ ఓపిక ఉండేది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చి, తర్వాతి పదేళ్లలో రోజువారీ ధారావాహిక స్థిరపడ్డాక అది తగ్గిపోయింది. మంజులా నాయుడు ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ వంటివి పాత్రల సంఖ్యను పెంచగలిగాయి కానీ వాటిలోనూ డాక్టరు కబురు చెప్పడానికి వచ్చిపోయే మనిషే.

ఇప్పుడు ఓటీటీలో చిన్న సీజన్ల పద్ధతి ఆ పాత ఓపికను కొంత తిరిగి తెచ్చింది. హిందీలో ‘పంచాయత్’ తీసిన బృందమే 2025 మేలో ‘గ్రామ్ చికిత్సాలయ్’ తెచ్చింది. పట్నం నుంచి వచ్చిన కుర్ర డాక్టరు, తాళం పడిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దానికి దారివ్వని పొలం గట్టు, ఊరంతా నమ్మే నాటు డాక్టరు. క్రోనిన్ ఇది చూసి ఉంటే తన గని ఊరిని గుర్తుపట్టేవాడు. తెలుగులో అదే ఏడాది జనవరిలో ‘పంచాయత్’ను ‘సివరపల్లి’గా మలిచారు. ఊరొచ్చింది, ఊరి ఆఫీసొచ్చింది, పంచాయతీ కార్యదర్శి వచ్చాడు. డాక్టరు మాత్రం ఇంకా రాలేదు.